నీరు మరిచిపోయింది, చేప దాచుకుంది: కొలంబియా నదిపై అణు రియాక్టర్ల ముద్ర

అమెరికా వాయవ్య ప్రాంతంలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫోర్డ్ అనే చోట 1944 సెప్టెంబరులో బి రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. నాగసాకిపై వేసిన బాంబుకు ప్లుటోనియం వచ్చింది ఈ హాన్‌ఫోర్డ్ నుంచే. 1955 నాటికి అదే ఒడ్డు వెంట ఇలాంటివి ఎనిమిది రియాక్టర్లు నిలిచాయి. వాటిని చల్లబరచడానికి ఎంచుకున్న పద్ధతి చాలా సూటిగా ఉండేది. నదిలోంచి నీటిని తోడి, శుద్ధిచేసి, రియాక్టర్ గర్భంలోని గొట్టాల గుండా ఒకే ఒక్కసారి పంపి, కొన్ని గంటలు తొట్లలో నిలిపి, తిరిగి నదిలోకే వదిలేవారు. ఒక్క బి రియాక్టర్‌కే 2,004 గొట్టాలు ఉండేవి. వాటి గుండా నిమిషానికి 2 లక్షల 80 వేల లీటర్లకు పైగా నీరు పారేది. 1971 జనవరిలో ఈ తరహా రియాక్టర్లలో చివరిది మూతపడే వరకు, అంటే 26 ఏళ్లకు పైగా, ఇదే సాగింది.

అణు కేంద్రాలు నదిలోకి వదిలే నీటి గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక సమాధానం తప్పకుండా వినిపిస్తుంది: నది పెద్దది, అందులో కలిసేది కొంచెమే, కలవగానే పలచబడిపోతుంది. కొలంబియా నిజంగానే పెద్ద నది. హాన్‌ఫోర్డ్ దగ్గర దాని సగటు ప్రవాహం సెకనుకు 3,000 ఘనపు మీటర్లకు మించి ఉంటుంది. లెక్క ప్రకారం పలచబడటమూ నిజమే. అయితే ఆ లెక్క నీటికి వర్తించేది, నీటిలో బతికే జీవులకు వర్తించేది కాదు. ఈ తేడాను కొలంబియా చూపినంత స్పష్టంగా మరే నదీ చూపలేదు. కారణం, ప్రపంచంలో అణు వ్యర్థాల కోణంలో ఇంత దీర్ఘకాలం, ఇంత వివరంగా పరిశీలనకు గురైన నదులు బహు అరుదు.

ముందుగా ఆ నీటిలో ఏం చేరేదో చూడాలి. రియాక్టర్ గొట్టంలో నీరు ఉండేది ఒకటి రెండు సెకన్లే. అంత తక్కువ వ్యవధిలో నీటిలోని ఖనిజాలకు న్యూట్రాన్ల దెబ్బ పెద్దగా తగలకూడదు. కానీ నీటిలో కరిగిన ఖనిజాల్లో కొంత భాగం గొట్టాల లోపలి గోడలకు సన్నని పొరలా పట్టుకునేది. ఆ పొర రోజుల తరబడి న్యూట్రాన్ల మధ్య ఉండి, రేడియోధార్మికతను సంతరించుకుని, మెల్లగా ఊడి నీటిలో కలిసేది. అలా నదిలోని మామూలు మూలకాలే కొత్త రూపంలో నదికి తిరిగి వచ్చేవి. ఫాస్ఫరస్ కొంత ఫాస్ఫరస్-32గా, జింక్ కొంత జింక్-65గా మారేది. ఆర్సెనిక్-76, సోడియం-24, నెప్ట్యూనియం-239 కూడా వెలువడేవి. గొట్టాలు తుప్పు పట్టకుండా నీటిలో సోడియం డైక్రోమేట్ కలిపేవారు. అందులోని క్రోమియం కొంత క్రోమియం-51 అయ్యేది. ఇవి చాలక, అప్పుడప్పుడు యురేనియం ఇంధన కడ్డీల తొడుగు పగిలి, యురేనియం చీలినప్పుడు పుట్టే విచ్ఛిత్తి పదార్థాలు కూడా నీటిలో పడేవి.

వీటిలో అనేకం అల్పాయుష్కులు. సోడియం-24 అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, 15 గంటలు, ఆర్సెనిక్-76ది సుమారు 26 గంటలు. తొట్లలో నిలిపి ఉంచడంలోని ఉద్దేశం వీటిని నదిలో చేరకముందే కొంత క్షీణింపజేయడం. కానీ ప్రచ్ఛన్న యుద్ధపు ఒత్తిడిలో ఉత్పత్తి పెరుగుతూ పోయింది. 250 మెగావాట్ల ఉష్ణశక్తికి రూపొందించిన బి రియాక్టర్‌ను చివరికి 2,000 మెగావాట్లకు పైగా నడిపారు. నీటి పరిమాణం పెరిగింది, తొట్లు మాత్రం పాతవే. నీరు నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది. నదిలోకి అత్యధికంగా రేడియోధార్మిక పదార్థాలు చేరింది 1950ల చివర, 1960ల మొదట.

జీవుల విషయంలో అసలు కథానాయకుడు ఫాస్ఫరస్-32. దీని అర్ధాయువు 14.3 రోజులు. నదిలో మొత్తం రేడియోధార్మికతలో దీని వాటా చిన్నదే. అయితే ఫాస్ఫరస్ లేనిదే ఏ జీవకణమూ బతకదు. ఎముకలో, జన్యు పదార్థంలో, కణానికి శక్తినిచ్చే అణువుల్లో అది ఉండి తీరాలి. నదీ జలాల్లో ఫాస్ఫరస్ సాధారణంగా అత్యల్పంగా ఉంటుంది కాబట్టి, కనిపించిన ప్రతి అణువునూ నాచు, ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పట్టేసుకుంటాయి. అది మామూలు ఫాస్ఫరసా, రియాక్టర్ గుండా వచ్చినదా అని తేడా గుర్తించే శక్తి జీవకణానికి లేదు. రసాయనికంగా రెండూ ఒక్కటే. నాచును పురుగులు తింటాయి, పురుగుల లార్వాలను చేపలు తింటాయి, రెక్కలొచ్చి నీటిపైకి ఎగిరిన పురుగులను పిట్టలు తింటాయి. 1950లలో హాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్తలే ప్రచురించిన కొలతల ప్రకారం, నీటితో పోలిస్తే ప్లవకాల్లో ఫాస్ఫరస్-32 సుమారు రెండు వేల రెట్లు ఉంది. నదిపై ఎగిరే పురుగులను తెచ్చి తల్లి పెట్టగా తిని పెరిగిన స్వాలో పిట్ట పిల్లల్లో సుమారు 5 లక్షల రెట్లు ఉంది. నీటి పక్షుల గుడ్ల పచ్చసొనలోనూ ఇదే స్థాయిలో, కొన్ని కొలతల్లో ఇంతకంటే ఎక్కువగా పేరుకుంది. పచ్చసొనలో ఫాస్ఫరస్ సమృద్ధిగా ఉంటుంది, పెరుగుతున్న పిల్లలకు ఎముక కట్టుకోవడానికి అది కావాలి. అంటే ఏ దశలో జీవి అత్యంత సుకుమారంగా ఉంటుందో, సరిగ్గా అదే దశలో ఆ పదార్థాన్ని ఎక్కువగా లోపలికి తీసుకుంది.

నీటి నమూనాను సీసాలో పట్టి కొలిచి, పరిమితికి లోబడే ఉందని రాసిన నివేదిక అబద్ధం కాకపోవచ్చు. అయినా అది నదిలో ఏం జరుగుతోందో చెప్పదు. నదిని జీవుల వైపు నుంచి చూస్తే కొలవవలసిన చోటు సీసా కాదు, చేప దేహం.

చేపలన్నీ ఒకేలా లేవన్నది ఇందులో మరో ముఖ్యాంశం. కొలంబియా పేరు చెబితే గుర్తొచ్చేది సాల్మన్. కానీ సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నది ఎక్కే పెద్ద సాల్మన్లు ఆ ప్రయాణంలో దాదాపు ఏమీ తినవు. తినని చేపకు ఆహారపు గొలుసు ద్వారా వచ్చే ఫాస్ఫరస్-32 అందదు. అందుకే వాటి కండరాల్లో అది చాలా తక్కువగా కనిపించింది. ఏడాది పొడవునా అక్కడే ఉండి, అడుగున పురుగుల లార్వాలను తినే వైట్‌ఫిష్ వంటి స్థానిక చేపల్లో ఎక్కువగా పేరుకుంది. కాలాన్ని బట్టి కూడా మార్పు ఉండేది. చేపలు శీతల రక్త జీవులు. చలికాలంలో వాటి ఆకలి మందగిస్తుంది, వేసవి చివర ఉధృతమవుతుంది. నీటిలో ఫాస్ఫరస్-32 ఎంత ఉందన్న దానితో పాటు, ఆ నెలలో చేప ఎంత తింటోందన్నది కూడా దాని ఒంట్లోని మోతాదును నిర్ణయించింది. ఒక చేపను, ఒక రుతువును ఎంచుకుని నదికంతటికీ తీర్పు చెప్పడం ఎంత తప్పో దీన్ని బట్టి అర్థమవుతుంది.

జింక్-65 కథ వేరు. దాని అర్ధాయువు 244 రోజులు. కాబట్టి హాన్‌ఫోర్డ్ నుంచి దాదాపు 600 కిలోమీటర్లు పారి పసిఫిక్ మహాసముద్రంలో కలిశాక కూడా అది మిగిలే ఉండేది. సముద్ర జీవుల్లో ఆల్చిప్పలకు జింక్‌ను కూడబెట్టుకునే స్వభావం విపరీతంగా ఉంది. నదీముఖానికి ఉత్తరాన ఉన్న విల్లాపా అఖాతం ఆల్చిప్పల సాగుకు పేరుపొందింది. 1960ల మొదట్లో హాన్‌ఫోర్డ్ ఉద్యోగి ఒకరి శరీరంలోని రేడియోధార్మికతను మామూలు పరీక్షలో భాగంగా కొలిచినప్పుడు జింక్-65 అసాధారణంగా కనిపించింది. కారణం వెతికితే, అది అతను పని చేసే చోటు నుంచి వచ్చింది కాదు. అతను తిన్న విల్లాపా ఆల్చిప్పల నుంచి వచ్చింది. రియాక్టర్ నదిలోకి వదిలినది సముద్రం దాకా వెళ్లి, ఆల్చిప్పలో చేరి, భోజనంగా మళ్లీ రియాక్టర్ దగ్గరికే తిరిగొచ్చింది. ఇందుకు భిన్నంగా క్రోమియం-51ను జీవులు పెద్దగా పట్టించుకోలేదు. అది నీటిలోనే ఉండిపోవడంతో, సముద్ర శాస్త్రవేత్తలు కొలంబియా నీరు పసిఫిక్‌లో ఎటు వెళ్తోందో వందల కిలోమీటర్ల దూరం వరకు గుర్తుపట్టడానికి దాన్ని వాడుకున్నారు.

ఇదంతా అధికారులకు తెలియకుండా జరగలేదు. సాల్మన్‌కు ఏమవుతుందోనన్న ఆందోళన రియాక్టర్లు కట్టకముందే ఉంది. 1943లోనే సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారెన్ డొనాల్డ్‌సన్ నాయకత్వంలో ఒక ప్రయోగశాల ఏర్పాటైంది. అసలు పని బయటపడకుండా దానికి అనువర్తిత మత్స్య ప్రయోగశాల అని పేరు పెట్టారు. అక్కడ సాల్మన్, ట్రౌట్ గుడ్లకు, పిల్లలకు ఎక్స్-కిరణాలు తగిలించి ఫలితాలు చూసేవారు. ఆ బృందంలోని రిచర్డ్ ఫోస్టర్ 1945లో హాన్‌ఫోర్డ్‌కు వచ్చి, రియాక్టర్ వదిలిన నీటినే వేర్వేరు పాళ్లలో నదీ జలంతో కలిపి, ఆ తొట్లలో చేపపిల్లలను పెంచాడు. ఘాటు ఎక్కువగా ఉన్న తొట్లలో పిల్లలు చనిపోయాయి, బతికినవి ఎదగలేదు. అయితే చంపినది రేడియోధార్మికత కాదని తేలింది. అందులోని రసాయనం, ముఖ్యంగా తుప్పు నివారణకు కలిపిన డైక్రోమేట్, దానికి తోడు వేడి, ఈ రెండే ప్రధాన కారణాలు.

ఈ ఫలితాన్ని ఇరుపక్షాలూ మరిచిపోతుంటాయి. అణు విద్యుత్తును వ్యతిరేకించేవారు రేడియోధార్మికత ఒక్కదాన్నే చూస్తారు. సమర్థించేవారు రేడియోధార్మికత వల్ల చేపలు చావలేదు కాబట్టి నదికి ఏమీ కాలేదంటారు. చేపకు ఈ రెండు వాదనలతోనూ పని లేదు. దానికి హాని చేసింది ఏదో అదే హాని. డైక్రోమేట్‌లో ఉండే షట్‌సంయోజక క్రోమియం అనే రూపం చేపపిల్లలకు విషం. వాషింగ్టన్ రాష్ట్రంలో జలచరాల రక్షణకు పెట్టుకున్న ప్రమాణం లీటరుకు 10 మైక్రోగ్రాములు. రియాక్టర్ శీతలీకరణ నీటిలో కలిపిన డైక్రోమేట్ లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాములు; అందులో క్రోమియం సుమారు మూడో వంతు. అది కరుగుతూ, తొట్ల నుంచి కారుతూ, నిల్వ చేసిన చోట ఒలుకుతూ భూగర్భ జలాల్లోకి దిగింది. శరత్కాలపు చినూక్ సాల్మన్ నది అడుగున గులకరాళ్లను తోకతో తవ్వి గుడ్లు పెడుతుంది. నేల లోపలి నుంచి నదిలోకి ఊరే నీరు పైకి వచ్చేది ఆ గులకరాళ్ల సందుల్లోంచే. ఫాస్ఫరస్-32 రియాక్టర్లు మూతపడ్డ కొద్ది నెలల్లోనే మాయమైంది. మామూలు క్రోమియానికి అర్ధాయువు లేదు. దాన్ని భూగర్భ జలాల నుంచి తోడి శుద్ధిచేసే పని 1990లలో మొదలై దశాబ్దాలుగా సాగుతోంది.

వేడి సంగతికి వస్తే, ఎనిమిది రియాక్టర్లూ కలిసి పనిచేసిన కాలంలో కొలంబియా మొత్తం ఉష్ణోగ్రత పెరిగింది మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు. చిన్న వాగుల్లో అలా కాదు. దక్షిణ కరోలినాలోని సవన్నా రివర్ అణు కేంద్రం 60 డిగ్రీల సెల్సియస్‌కు మించిన నీటిని నేరుగా వాగుల్లోకి వదిలింది. ఆ వాగులు కలిసే చిత్తడి అడవిలో సైప్రస్, టుపెలో చెట్లు పెద్ద విస్తీర్ణంలో చచ్చిపోయాయి. అక్కడి ఎల్ రియాక్టర్‌ను తిరిగి నడపడానికి ముందు, స్టీల్ క్రీక్ అనే వాగును కాపాడటానికి 1985లో దాదాపు 1,000 ఎకరాల చెరువునే కట్టవలసి వచ్చింది.

పెద్ద నదిలో ఒకటి రెండు డిగ్రీలు చిన్న విషయంలా వినిపిస్తాయి. కానీ వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల వద్ద 7.5కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప జీవక్రియ వేగం పుంజుకుని ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. సరఫరా తగ్గుతూ ఉంటే గిరాకీ పెరుగుతుంది. సాల్మన్ జాతికి సోకే కాలమ్నారిస్ అనే బాక్టీరియా వ్యాధి కూడా వెచ్చని నీటిలోనే విజృంభిస్తుంది. నది తన సహజ వేసవితో ఇప్పటికే హద్దు దగ్గర ఉన్నప్పుడు, పైనుంచి కలిసే ఒక్క డిగ్రీ విలువ చలికాలంలో కలిసే అయిదు డిగ్రీల కంటే ఎక్కువ. ఫ్రాన్స్ ఈ సమస్యను ఏటా ఎదుర్కొంటోంది. రోన్, గారోన్ నదుల మీది అణు కేంద్రాలకు నీటి ఉష్ణోగ్రత పరిమితులు ఉన్నాయి. గోల్ఫెష్ కేంద్రం దిగువన గారోన్ 28 డిగ్రీలు దాటకూడదు. 2003 వడగాడ్పుల్లోనూ, మళ్లీ 2022 వేసవిలోనూ ఆ పరిమితులను తాత్కాలికంగా సడలించారు. 2022లో బ్లాయే, బ్యుజే, గోల్ఫెష్, సెంటల్బాన్, ట్రికాస్టాన్ కేంద్రాలకు ఈ మినహాయింపు దక్కింది. నది అత్యంత బలహీనంగా ఉన్న వారాల్లోనే రక్షణ సడలడం ఏ కోణంలో చూసినా సమర్థించుకోదగిన ఏర్పాటు కాదు. విద్యుత్ అవసరం నిజమైనదే అయినా, ఆ అవసరం వడగాడ్పుల్లో వస్తుందని ముందే తెలుసు.

హాన్‌ఫోర్డ్‌ను సమర్థించేవారు చూపే బలమైన ఆధారం ఒకటుంది. రియాక్టర్లున్న ఆ 80 కిలోమీటర్ల నదీ భాగంలోనే నేడు కొలంబియాలో శరత్కాలపు చినూక్ సాల్మన్ అత్యధికంగా గుడ్లు పెడుతుంది. 1940ల చివరి నుంచి విమానంలోంచి సాల్మన్ గూళ్లను లెక్కిస్తున్నారు. తొలినాళ్లలో వందల్లో ఉన్నవి తరువాత వేలకు చేరాయి. ఈ పెరుగుదల నిజం. దాని కారణం మాత్రం రియాక్టర్ నీరు నిరపాయకరం కావడం కాదు. ఆ దశాబ్దాల్లోనే ఎగువన, దిగువన ఆనకట్టల వరుస లేచింది. 1953లో మెక్‌నారీ, 1959లో ప్రీస్ట్ రాపిడ్స్ వచ్చాయి. వాటి వెనుక జలాశయాలు పాత గుడ్ల మడుగులను ముంచేశాయి. రహస్య ప్రాంతం కావడంతో హాన్‌ఫోర్డ్ నదీ భాగంలో ఆనకట్ట కట్టలేదు, పొలాలు లేవలేదు. చేపలకు మిగిలిన చోటు అదొక్కటే. ముళ్లకంచె ఆనకట్టలను అడ్డుకోవడం వల్ల దక్కిన మేలును రియాక్టర్ నీటి ఖాతాలో జమచేయడం తప్పుడు లెక్క.

ఇక ఆ చేపను తిన్నవారు ఎవరు? యాకమా, ఉమటిల్లా, నెజ్ పెర్స్ తెగలు 1855 ఒప్పందాల్లో తమ భూమిని వదులుకుంటూ, పూర్వం నుంచి చేపలు పట్టే చోట్ల పట్టుకునే హక్కును మాత్రం నిలుపుకున్నాయి. వానపమ్ ప్రజలను 1943లో హాన్‌ఫోర్డ్ కోసం తమ శీతాకాలపు తావుల నుంచి తరలించారు. నదిలో ఏం కలుస్తోందో వీరెవరికీ చెప్పలేదు. 1986 ఫిబ్రవరిలో అమెరికా ఇంధన శాఖ 19,000 పేజీల పత్రాలు బయటపెట్టాకే ప్రజలకు అసలు విషయం తెలిసింది. ఆ తర్వాత జరిపిన మోతాదుల పునర్నిర్మాణ అధ్యయనంలో, నది ద్వారా వచ్చిన మోతాదుకు ప్రధాన మార్గం స్థానిక చేపలను తినడమేనని తేలింది. చేపలు తిననివారికి అందింది స్వల్పం, ఎక్కువగా తిన్నవారికి అందింది అనేక రెట్లు. అమెరికా పర్యావరణ ప్రమాణాల్లో అప్పటికి మనిషి రోజుకు 6.5 గ్రాముల చేప తింటాడని అనుకునేవారు. కొలంబియా తెగల మత్స్య సంఘం 1994లో ప్రచురించిన సర్వేలో తెగల్లోని వయోజనులు సగటున రోజుకు 58.7 గ్రాములు తింటున్నారని తేలింది. సగటు మనిషి కోసం గీసిన రక్షణ రేఖకు అవతల నిలబడ్డది, ఆ నది మీదే బతికే మనుషులు.

రియాక్టర్లు ఆగితే ఏమవుతుందన్న దానికి అనుకోకుండా ఒక జవాబు దొరికింది. 1966 వేసవిలో కార్మికుల సమ్మె వల్ల హాన్‌ఫోర్డ్ రియాక్టర్లు ఆరు వారాలకు పైగా ఆగాయి. నీటిలో రేడియోధార్మికత వెంటనే పడిపోయింది. నదీముఖం దగ్గరి ఫ్లౌండర్ చేపల్లో జింక్-65 కూడా తగ్గింది గానీ, నీటిలో తగ్గినంత వేగంగా కాదు. జీవి ఒంట్లో చేరింది జీవి తన పద్ధతిలోనే వదులుతుంది. మెక్‌నారీ ఆనకట్ట వెనుక ఒండ్రులో చిక్కుకున్నది ఇంకా నెమ్మదిగా తగ్గింది. 1963 నుంచి 1987 వరకు నడిచిన ఎన్ రియాక్టర్ శీతలీకరణ నీటిని మూసిన వలయంలో తిప్పుతూ వాడింది. అందువల్ల నదిలోకి నేరుగా వదలడం తగ్గింది. కానీ దాని వ్యర్థ జలాలను ఒడ్డు దగ్గరి కందకాల్లో పోశారు. వాటిలోని స్ట్రాన్షియం-90 నేలలో ఇంకి నది వైపు నడిచింది. ఎముకలో కాల్షియం స్థానాన్ని ఆక్రమించే ఆ పదార్థాన్ని ఆపడానికి ఒడ్డు వెంట నేలలో ఎపటైట్ ఖనిజపు అడ్డుకట్ట వేయవలసి వచ్చింది.

నేటి విద్యుత్ రియాక్టర్లలో నది నీరు రియాక్టర్ గర్భాన్ని తాకదు. ఆవిరిని చల్లబరచే గొట్టాల లోపల పారి వెళ్తుంది. కాబట్టి కొలంబియా ఫాస్ఫరస్ కథ అలాగే పునరావృతమవుతుందని భయపెట్టడం సరికాదు. భారతదేశంలో నదీ జలాలపై ఆధారపడిన కేంద్రాల్లో ఎక్కువ భాగం భారజలం (మామూలు హైడ్రోజన్‌కు బదులు బరువైన డ్యుటీరియం ఉండే నీరు) వాడే రియాక్టర్లే. చంబల్ మీది రాణా ప్రతాప్ సాగర్ ఒడ్డున రావత్‌భాటా, కాళీ నది మీది కద్రా జలాశయం పక్కన కైగా, తాపీ తీరాన కాక్రపార్, గంగ ఒడ్డున నరోరా. వీటి ఇంధనం తయారయ్యేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో. వాటికి కావలసిన భారజలంలో గణనీయమైన భాగం గోదావరి నీటి నుంచి మణుగూరు కర్మాగారంలో వస్తుంది. ఆ కర్మాగారంలో రేడియోధార్మికత లేదు. రియాక్టర్‌లోకి వెళ్లాక భారజలంలోని డ్యుటీరియం న్యూట్రాన్‌ను పట్టి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ అవుతుంది. ఈ కేంద్రాల ద్రవ వ్యర్థాల్లో ప్రధానమైనది అదే. అర్ధాయువు 12.3 ఏళ్లు. నీటి రూపంలో ఉన్న ట్రిటియం ఫాస్ఫరస్‌లా లక్షల రెట్లు పోగుపడదు. సేంద్రియ అణువుల్లో చేరినప్పుడు మాత్రం ఒంట్లో ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ జలాశయాల్లో నిత్యం పనిచేసేది వేడి. నరోరా శీతలీకరణ స్తంభాలు వాడుతుంది. అది అవసరమే, ఎందుకంటే బ్రిజ్‌ఘాట్ నుంచి నరోరా వరకు ఉన్న గంగ అంతర్జాతీయ రాంసర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి ప్రాంతం, గంగా డాల్ఫిన్ల నివాసం. మండువేసవిలో మట్టం పడిపోయిన ఆనకట్ట జలాశయానికి, వానాకాలపు నిండు జలాశయానికి ఒకే ఉష్ణోగ్రతా పరిమితి పెట్టడం శాస్త్రీయం కాదు. అణు కేంద్రాల దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రపు పర్యావరణ ప్రయోగశాలలు నీటితో పాటు చేపలనూ పరీక్షిస్తాయి. ఆ పరీక్షలో ఏ జాతి చేపను, ఏ నెలలో పట్టారు, దాన్ని రోజూ వండుకునే మత్స్యకార కుటుంబం నిజంగా ఎంత తింటుంది అన్న మూడు వివరాలు స్థానిక భాషలో ఊరి పంచాయతీకి చేరాలి. సముద్రపు ఒడ్డున 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు ప్రతిపాదించిన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలోనూ, నిర్మాణానికి ముందే నమోదు కావలసినవి ఈ మూడు అంకెలే. 6.5కు, 58.7కు మధ్య తేడా కొలంబియా తీరాన బయటపడింది ఆ ఎనిమిది రియాక్టర్లు ఆగిన 23 ఏళ్ల తర్వాత.